రేటు రాస్తున్నారు సరే, అద్దె ఎందుకు రాయరు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో శనివారం వచ్చే రియల్ ఎస్టేట్ పేజీకి నేను పాత పాఠకుణ్ణి. 2021 దసరాకు ముందు హైదరాబాద్ శివారు బాచుపల్లి మీద వచ్చిన కథనాన్ని కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, పర్సులో వేసుకుని తిరిగాను. చదరపు అడుగు ఎంత పలుకుతోంది, మూడేళ్ల కింద ఎంతుండేది, ఔటర్ రింగ్ రోడ్డు ఎంత దూరం, స్కూళ్లెన్ని, అన్నీ ఉన్నాయందులో. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. మిగిలినదంతా మళ్లీ చదివాను. ఎక్కడా అద్దె అన్న మాట లేదు.

ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. పొడుగవుతుంది, ఏమనుకోకండి.

నేను రాణీగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. పదహారేళ్లయింది. లారీ నుంచి ఏ సరుకు దింపినా మా సేటు అడిగేది ఒకటే: "ఎంతకి పోతది, ఎన్నాళ్లకి పోతది?" సీపీవీసీ ఎల్బోల లెక్కలో ముప్పై పైసలు తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని పట్టుకున్న రోజులున్నాయి. అలాంటివాణ్ణి 62 లక్షల సరుకు కొనేటప్పుడు మాత్రం సేటు అడిగే ప్రశ్న అడగలేదు.

మేముండేది మూసాపేటలో, నాన్న కట్టిన ఎనభై గజాల ఇంట్లో. కాబట్టి ఈ ఫ్లాటు ఉండడానికి కాదు, పెట్టుబడికే. మా ఇంటామె ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఇద్దరి జీతాలూ కలిపి అప్పట్లో తొంభై వేల చిల్లర. "బావా, అద్దె వస్తది, ఈఎంఐ పోతది, ఇరవై ఏండ్లకు ఫ్లాటు ఫ్రీ" అని మా బామ్మర్ది రెండు పండుగలకు వరసగా చెప్పాడు. వాడికి ఉద్యోగం వేరే ఉంది, ఆదివారాలు ప్లాట్లు అమ్ముతాడు. ఈ ఊళ్లో ఆదివారం ప్లాట్లు అమ్మని బామ్మర్ది ఎవరికున్నాడు లెండి.

ముందు చూసిన ఫ్లాటు ఇది కాదు. అదే వీధిలో, రెండో అంతస్తులో, నాలుగు లక్షలు తక్కువకే ఇంకొకటి వచ్చింది. తూర్పు ముఖం, మంచి గాలి. ఇరవై వేలు టోకెన్ కూడా ఇచ్చేశాం. బ్యాంకు పెట్టిన వకీలు కాగితాలు చూసి, "ఇది మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్‌లో ఉంది" అని వెనక్కి పంపాడు. నాకు అప్పటిదాకా తెలియదు. మన దగ్గర అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతం మున్సిపాలిటీ పేర తనఖా రాయించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి, ఓసీ, అంటే ఇక జనం దిగొచ్చని ఇచ్చే పత్రం, తెచ్చుకున్నాకే దాన్ని విడుదల చేస్తారు. అదనంగా ఒక అంతస్తు లేపిన బిల్డర్‌కు ఓసీ రాదు, తనఖా విడవదు, ఆ ఫ్లాటు తక్కువ రేటుకు మనలాంటివాడి దగ్గరికి వస్తుంది. నాలుగు లక్షలు ఎందుకు తగ్గిందో అప్పుడర్థమైంది. టోకెన్ డబ్బులు పదకొండు వేలే తిరిగొచ్చాయి, అదీ ఆరుసార్లు తిరిగితే.

ఇక కొన్న ఫ్లాటు సంగతి. చదరపు అడుగు 5,000 అన్నారు. 1,190 అడుగులకు 59,50,000, కారు పార్కింగ్ రెండున్నర లక్షలు. మొత్తం 62 లక్షలు. తాళాలు చేతికొచ్చిన రోజు షాపులోంచి పెద్ద టేపు పట్టుకెళ్లి గోడ నుంచి గోడకు కొలిచాను. 835 వచ్చింది. మిగతా మూడున్నర వందల అడుగులు మెట్లలో, లిఫ్టులో, కారిడార్లో, బయటి గోడల మందంలో కలిసిపోయాయి. ఆ లెక్కన నేను కాలు పెట్టగలిగే అడుగు ఒక్కోటి నాకు 7,425 పడింది. బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం వచ్చింది 2016లో. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే జాగా, చెప్పి అమ్మాలన్నది అందులో ముఖ్యమైన ముక్క. నాకు చూపించిన బ్రోషర్లో కార్పెట్ ఏరియా ఉంది, లేదనను. ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

అప్పు ఎంతిస్తారన్నది బ్యాంకు దయ కాదు, దానికి రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. 30 లక్షల దాకా అప్పయితే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. మాకు 48 లక్షలు వచ్చింది. మిగతా 14 లక్షలు సర్దితే చాలనుకున్నాం. ఎంత అమాయకత్వం! 2021 జులైలోనే రిజిస్ట్రేషన్ చార్జీలు ఆరు శాతం నుంచి ఏడున్నరకు పెంచారు. 62 లక్షలకు ఏడున్నర శాతమంటే 4,65,000. ఆపైన వంటింటి అరలు, దోమల జాలీ తలుపులు, ఫ్యాన్లు, గీజర్లు 2,80,000. అసోసియేషన్ కార్పస్ ఫండ్ 50,000. ప్రాసెసింగ్ ఫీజు, వకీలు, జిరాక్సులు, ఛాయ్‌పానీ 30,000. మొత్తం 22,25,000 మా చేతి నుంచి పోయింది. ఫ్లాటు ధర 62 లక్షలు కాదు, 70,25,000. ఇకముందు వచ్చే లెక్కలన్నీ ఈ అంకె మీదే చేస్తాను, ఎందుకంటే బ్రోకరు చెప్పే లాభం ఎప్పుడూ 62 మీదే ఉంటుంది.

ఆ 22 లక్షలు ఎక్కడివో కూడా రాస్తాను, సిగ్గుపడాల్సిందేం లేదు. దాచుకున్నవి పన్నెండు. ఇంటామె గొలుసు, గాజులు పెట్టి గోల్డ్ లోన్ నాలుగు. మా మామ దగ్గర చేబదులు రెండున్నర. అయిదు లక్షల చీటీ ఉంటే నాలుగో నెలలోనే పాడుకున్నాను, 3,90,000 చేతికొచ్చింది. లక్షా పదివేలు అక్కడే పోయాయి. మిగిలిన 21 నెలలూ చీటీ కట్టాలి. మొదటి రెండేళ్లు మా ఇంట్లో ఒకటో తారీఖు వస్తోందంటే జ్వరం వచ్చినట్టుండేది. ఈఎంఐ, చీటీ, గోల్డ్ లోన్ వడ్డీ, పాప ఫీజు. ఈఎంఐ జీతంలో సగం దాటకపోతే పర్వాలేదని బ్యాంకులో లెక్క వేశారు. చీటీ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

వడ్డీ 6.9 శాతం, ఇరవై ఏళ్లు, ఈఎంఐ 36,927. అద్దె 17,000. ఇక్కడే బామ్మర్ది మాట తేలిపోయింది. నెలకు ఇరవై వేలు జేబులోంచి పెడితే తప్ప ఆ "ఫ్రీ" ఫ్లాటు నిలబడదు. అయినా సరే, వడ్డీ తక్కువుంది కదా అని ధైర్యం. ఆ 6.9 ఎందుకంత తక్కువో ఆలోచించలేదు. కరోనా కాలంలో రిజర్వు బ్యాంకు, తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, 4 శాతానికి దించింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చే కొత్త ఇంటి అప్పుల వడ్డీ రెపోలాంటి బయటి రేటుకు కట్టి ఉంటుంది. అది కదిలితే ఇదీ కదులుతుంది. 2022 మేలో అది లేవడం మొదలై 2023 ఫిబ్రవరికి ఆరున్నర అయింది. నా 6.9 తొమ్మిదిన్నర దగ్గర, కచ్చితంగా చెప్పాలంటే 9.4 దగ్గర ఆగింది. ఈఎంఐ మాత్రం మారలేదు. ఫోనుకు మెసేజీలు వచ్చేవి, వాయిదాల సంఖ్య సవరించామని. ఈఎంఐ పెరగలేదు కదా అని చదవకుండానే తీసేసేవాణ్ణి.

2023 ఏప్రిల్‌లో ఆదాయ పన్ను లెక్కల కోసం స్టేట్‌మెంట్ తీశాను. ఆ నెల వరుస ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కట్టింది 36,927. వడ్డీ 36,917. అసలు 10.

పది రూపాయలు. ఇరానీ ఛాయ్‌కి కూడా రావు. షాపులో ఎవరైనా ఇలాంటి ఖాతా తెస్తే, "ఈ పార్టీ మునిగిపోయాడు సేట్" అని నేనే చెప్పేవాణ్ణి.

మర్నాడు పర్మిషన్ పెట్టి బ్యాంకుకు పోయాను. అక్కడి మేడం మంచావిడే. "ఇలాగైతే మీ అప్పు ఎప్పటికీ తీరదండీ, ఈఎంఐ పెంచాలి" అని మిగిలిన 225 నెలలకు లెక్క కట్టింది. 44,629. మే నెల నుంచి అదే కడుతున్నాం. వడ్డీ రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా, కొంత అసలు ముందే కట్టుకుంటారా అని అప్పు తీసుకున్నవాణ్ణి అడిగి తీరాలని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది ఆ ఆగస్టు 18న. నా పది రూపాయల స్టేట్‌మెంటుకు నాలుగు నెలల తర్వాత అన్నమాట. 2025లో రెపో మళ్లీ దిగింది, ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఏడాది చివరికి 5.25 చేశారు. ఈసారి ఈఎంఐ తగ్గించమని నేనే అడగలేదు. మారే వడ్డీ మీదున్న ఇంటి అప్పును ముందే కట్టుకుంటే మనలాంటివాళ్ల దగ్గర జరిమానా వసూలు చేయకూడదు. అందుకని చీటీ అయిపోగానే 2024లో రెండు లక్షలు అసలుకు కట్టాం. ఈ వ్యవహారం మొత్తంలో నేను తెలివిగా చేసిన పని బహుశా అదొక్కటే.

పన్ను మినహాయింపు ఉంటుంది కదా అంటారు. పాత పద్ధతిలో ఉన్నవాళ్లకు కొంత ఉపశమనం ఉంది. నేను కొత్త పద్ధతికి మారాను. అందులో అద్దె ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు. ఆ సంగతి అంతటితో సరి.

అద్దె గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మీ పేజీలో లేనిది అదే. 2022 మార్చిలో మొదటివాళ్లు దిగారు. సాఫ్ట్‌వేర్ జంట, బంగారంలాంటి పిల్లలు, రెండేళ్లు ఉన్నారు. 2024 ఎండాకాలంలో బోరు అడుగంటింది. ట్యాంకరు ఫోన్ చేసిన మూడో రోజు వచ్చేది. వాళ్లు ఖాళీ చేసి కూకట్‌పల్లికి మారిపోయారు. మార్చి, ఏప్రిల్ రెండు నెలలు టూ లెట్ బోర్డు వేలాడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు బాల్కనీ చూడరు, పడగ్గది చూడరు. తిన్నగా బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుతారు. కుళాయి చూసి నా మొహం చూస్తారు. ఆ రెండు నెలల మెయింటెనెన్స్ మాదే. పెయింటింగ్ మాదే. కొత్త బోరులో మా వాటా 21,000. తర్వాత దిగినవాళ్లు 18,000 ఇచ్చారు, ఇప్పుడు 19,000 ఇస్తున్నారు.

నాలుగేళ్లలో చేతికొచ్చిన అద్దె 7,76,000. ఇంటిపన్ను, రంగులు, బోరు, బ్రోకరుకు ఒక నెల అద్దె, మోటారు రిపేరు అన్నీ కలిపి 1,07,000. మిగిలింది 6,69,000. ఏడాదికి 1,67,250. పెట్టిన 70,25,000 మీద 2.4 శాతం. 2023లో పెద్ద బ్యాంకులే ఎఫ్‌డీకి ఏడు శాతం ఇచ్చాయి, వాటికి బోరు ఎండదు. ఇవే నాలుగేళ్లలో నేను కట్టిన వడ్డీ దాదాపు 16 లక్షలు.

రేటు పెరిగింది కదా అని మీ పేజీ చదివేవాళ్లు అడుగుతారు. అదీ చూద్దాం. మొన్న డిసెంబరులో ఒకాయన 68 లక్షలకు అడిగాడు. "62కి కొన్నవ్, ఆరు లక్షలు లాభం, ఇచ్చెయ్ బావా" అన్నాడు బామ్మర్ది. ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకున్నాను. బ్రోకరు ఒక శాతం తీసేస్తే 67,32,000. బ్యాంకుకు ఇంకా కట్టాల్సింది 41,80,000. చేతికి మిగిలేది పాతిక లక్షల యాభై వేలు. మొదటి రోజు పెట్టిన 22,25,000, నాలుగేళ్ల ఈఎంఐలు, ముందు కట్టిన రెండు లక్షలు కలిపి, ఖర్చులు పోను మిగిలిన అద్దె తీసేస్తే మా జేబుల్లోంచి పోయింది ముప్పై ఏడు లక్షల డెబ్బై అయిదు వేలు. గోల్డ్ లోన్ వడ్డీ, చీటీలో పోయిన లక్షా పదివేలు ఇందులో కలపలేదు. ఆరు లక్షల లాభం అన్న మాట వెనక పన్నెండు లక్షల నష్టం ఉంది. కాగితం మా ఇంటామెకు చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, "నా గాజులు విడిపించినవ్ గదా, ఇంగ పడుకో" అంది.

ఇంత జరిగాక ఎవరైనా మళ్లీ ఆ పక్కకు పోతారా? నేను పోయాను. కొనడానికి కాదు, చూడడానికి. నిరుడు శ్రావణంలో బామ్మర్ది పోరు పడలేక మియాపూర్‌లో వాళ్ల కంపెనీ కారెక్కి సదాశివపేట వైపు సైట్ విజిట్‌కు వెళ్లాను. రంగు జెండాలు, కమాను, పాతిన రాళ్లు, షామియానా కింద బిర్యానీ. గజం 12,000. "ఈరోజే అడ్వాన్స్ ఇస్తే 500 తగ్గింపు" అని మైకులో చెబుతున్నారు. రెరా నంబరు అడిగాను. "అప్లికేషన్ పెట్టినం అన్నా, వారంల వస్తది" అన్నాడు కుర్రాడు. అయిదువందల చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా నంబరు రాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ఇక్కడ బిర్యానీ కూడా పెట్టేస్తున్నారు. లేఔట్ ఫైనల్ అయ్యేదాకా, అనుమతిచ్చే హెచ్ఎండీఏ దగ్గర పదిహేను శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి గదా, మరి ఇక్కడ తనఖా పెట్టిన ప్లాట్లేవి అని అడిగాను. కుర్రాడు నన్ను పైనుంచి కిందకు చూసి, "అన్నా, మీరు ఏ కంపెనీల చేస్తరు?" అన్నాడు. నేను పోటీ కంపెనీవాణ్ణి అనుకున్నాడు పాపం.

ప్లాటుకైతే నా లెక్క ఇలా చేసుకున్నాను. 200 గజాలు, 24 లక్షలు. రిజిస్ట్రేషన్‌తో 25,80,000. సొంత డబ్బయినా అప్పయినా తొమ్మిది శాతం ఖరీదు వేసుకుంటే అయిదేళ్లకు 39,70,000 అవుతుంది. అంటే గజం 19,850 అయిన రోజున నేను బయల్దేరిన చోటే ఉన్నట్టు. లాభం ఆపైన మొదలవుతుంది, పన్ను మాత్రం కొన్న ధర మీద పెరిగినదంతటికీ పన్నెండున్నర శాతం. 12,000 ఉన్నది 18,000 అయితే ఊరంతా "ఒకటిన్నర రెట్లు" అని చెప్పుకుంటుంది. ఖాళీ జాగా అద్దె ఇవ్వదు, తుమ్మచెట్లు ఇస్తుంది. ఏడాదికోసారి పోయి వాటిని కొట్టించాలి.

భరత్‌నగర్ మెట్రో దగ్గర ఇరవై ఏళ్ల నాటి ఫ్లాటు కూడా చూశాను. లిఫ్టు లేదు, 920 అడుగులు, 42 లక్షలు. రిజిస్ట్రేషన్, మరమ్మతులు కలిపితే 46,65,000. అద్దె అప్పటికే 17,000 వస్తోంది, ఖాళీ అయితే వారంలో నిండుతుందని వాచ్‌మెన్ చెప్పాడు. నేను వాచ్‌మెన్ మాట నమ్మలేదు, పక్క వీధుల్లో టూ లెట్ బోర్డులు వెతికాను. రెండే దొరికాయి. అద్దె 4.4 శాతం దాకా వచ్చింది. ఎవరి పేజీలోనూ దాని ఫొటో పడదు, సున్నం రాలిన గోడలు మరి. కొనలేదు. పాత భవనానికి బ్యాంకు అప్పు తక్కువ ఏళ్లకే ఇస్తానంది, ఇంటామె అసలే వద్దంది. కానీ నాలుగేళ్ల కింద ఈ రెండు ఫ్లాట్లనూ పక్కపక్కన పెట్టి చూసేంత బుద్ధి నాకుంటే బాచుపల్లి కథనం పర్సులో మోసేవాణ్ణి కాదు. అద్దెలే తినాలనుంటే హైటెక్ సిటీ ఆఫీసుల్లోనే వాటా కొనుక్కోవచ్చని ఈమధ్యే తెలిసింది. మాదాపూర్ మైండ్‌స్పేస్ ఉన్న రీట్, అంటే ఆఫీసు భవనాల అద్దె వాటాదార్లకు పంచే ట్రస్టు, 2020 నుంచీ షేర్ మార్కెట్లో ఉంది, ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు. ఖర్చులు పోను మిగిలిన దాంట్లో 90 శాతం పంచి తీరాలి. ఆ మాటా 2021లో నాకెవరూ చెప్పలేదు. బామ్మర్దికి అందులో కమీషన్ ఉండదు గదా.

బ్యాంకు అప్పిచ్చిందంటే కాగితాలు క్లియర్ అనే మాట ఇంకొకటుంది. మార్ట్‌గేజ్ ఫ్లాటు విషయంలో బ్యాంకు వకీలు నన్ను కాపాడాడు, ఆ ఋణం ఉంచుకోను. కానీ 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల ఎఫ్‌టీఎల్‌లలో, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే జాగాల్లో, కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు, ఇంకా ఈఎంఐలు కడుతున్న ఇళ్లు కూలాయని మీ పేపర్లోనే చదివాను. బ్యాంకు తన అప్పు వసూలవుతుందా అని చూసుకుంటుంది. చెరువు మనమే చూసుకోవాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయడం, పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లు, 22ఏ నిషేధిత జాబితా, చెరువుల మ్యాపులు, ఇవన్నీ ఇప్పుడు ఫోన్లో చాలా మట్టుకు దొరుకుతాయి. వీటి గురించి మీ పేజీ అప్పుడప్పుడూ రాస్తూనే ఉంది, అది మంచిది. అందుకే నేను ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

రాయనిది అద్దె. మీ పేజీలో ఏ ప్రాంతం కథనం వచ్చినా చదరపు అడుగు రేటు పక్కన ఒక్క వరుస పెట్టండి: అక్కడ రెండు పడగ్గదుల ఇంటికి అద్దె ఎంత, టూ లెట్ బోర్డు పెట్టాక ఎన్నాళ్లకు నిండుతోంది. బిల్డర్‌ను అడిగితే చెప్పడు, అద్దెకున్నవాళ్లను, అసోసియేషన్ సెక్రటరీని అడిగితే అయిదు నిమిషాల పని. మొన్న శనివారం మీ పేజీలో పదకొండు ప్రకటనలున్నాయి, లెక్కపెట్టాను. ఏడింట్లో "అద్దెతోనే ఈఎంఐ" అనో, "హామీ ఆదాయం" అనో ఉంది. అద్దె అంకె ఒక్కదాంట్లోనూ లేదు. ప్రకటనలో రెరా నంబరు స్పష్టంగా ఉండాలని చట్టంలోనే ఉంది. రెండు ప్రకటనల్లో దాన్ని భూతద్దం పెట్టి చదవాల్సొచ్చింది, ఒకదాంట్లో భూతద్దానికీ దొరకలేదు. ప్రకటనలతోనే పేపరు నడుస్తుందని నాకు తెలుసు, లెక్కలు రాసేవాణ్ణి కదా. అందుకే ప్రకటనలు ఆపమనడం లేదు, వాటి పక్క పేజీలో ఆ ఒక్క వరుస వేయమంటున్నాను.

మీరు మొదలుపెడితే బాచుపల్లి వరుసకు మొదటి అంకె నాది రాసుకోండి: 1,190 అడుగులు, టేపుతో కొలిస్తే 835, మూడో అంతస్తు, పడమర ముఖం, అద్దె 19,000, మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లదే, బోరు నీళ్లు ప్రస్తుతానికి ఉన్నాయి.

నా పేరు మాత్రం వేయకండి. మా సేటుకు తెలుగు చదవడం రాదు గానీ ఆయన కొడుకు మీ పేపరే చదువుతాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మూసాపేట, హైదరాబాద్